కూడు, గంజి, నూకలు: తిండి నుంచి పుట్టిన మాటలు

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాసిపెట్టమని సంఘం పెద్దలు అడిగారు. చరిత్ర అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేవి పితూరీలు, వీరుల పేర్లు, సంవత్సరాలు. అవి రాయగలవాళ్ళు మన సంఘంలో చాలామంది ఉన్నారు. మేము వసతిగృహంలో పనిచేసేవాళ్ళం. పొద్దున లేస్తే బియ్యం ఎన్ని కిలోలు తూచాలి, పప్పు ఎంత కావాలి, గుడ్ల లెక్క సరిపోయిందా అన్నదే మా లోకం. కాబట్టి ఆ పళ్ళెంలోంచే చరిత్ర చెబుతాం. మీరు ఫోన్లలోనూ అరుగుల మీదా రోజూ వాడే మాటల్లో, వెక్కిరింపుల్లో, తిట్లలో తిండి నుంచి పుట్టినవి ఎన్ని ఉన్నాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

మేముండేది ఆత్రేయపురం. ఊరి పేరు చెప్పగానే ఎవరైనా "పూతరేకులా?" అంటారు. ఆ మాటతోనే మొదలుపెడదాం. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలకన్నా కొంచెం చిక్కగా కలుపుతారు. బోర్లించిన కుండ కింద మంట పెడతారు. పలచటి గుడ్డను ఆ పిండిలో ముంచి కుండ వీపు మీద ఒక్కసారి లాగితే పూత పడుతుంది. చూస్తుండగానే ఆరి, కాగితంలా లేచి వస్తుంది. పూత అంటే పూయడం. రేకు అంటే పలచని పొర, తామర రేకులోనూ ఇంటి మీద వేసే రేకులోనూ ఉన్నది అదే. చేసే చెయ్యి ఏం చేస్తుందో పేరు అదే చెబుతోంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానివల్ల ఈ పేరు ఎవరు పెట్టుకోవచ్చో ఎవరు పెట్టుకోకూడదో చట్టం చెబుతుంది. పొయ్యి దగ్గర కూర్చుని పొగలో కళ్ళు మండించుకునే ఆడవాళ్ళ నోట్లో పుట్టిన మాట ఢిల్లీ, చెన్నై కాగితాల దాకా వెళ్ళింది. ఇదే మండలంలో గోదావరి పాయల దగ్గరున్న బొబ్బర్లంక పేరు పలికినా బొబ్బర్లు వినిపిస్తాయి. మా పిల్లలు ఆ బస్సు ఎక్కినప్పుడల్లా "వడలు దొరుకుతాయా మేడమ్" అని అడుగుతుంటారు.

పూతరేకు అన్న మాట తన అర్థం దగ్గరే నిలబడింది. తిండి మాటలన్నీ అలా నిలబడలేదు. చాలావరకు వంటింటి గడప దాటి వేరే పనుల్లో చేరిపోయాయి.

ఎసరు చూడండి. అన్నం వండడానికి పొయ్యి మీద పెట్టే నీళ్ళు ఎసరు. కన్నడంలోనూ ఈ మాట ఉంది, అంటే చాలా పాతది. ఎసరు మరిగిందంటే ఇక బియ్యం పడాల్సిందే, వెనక్కి పోవడం లేదు. అందుకే "నా ఉద్యోగానికే ఎసరు పెట్టాడు" అంటాం. నన్ను ఉడికించడానికి నీళ్ళు కాగుతున్నాయన్నమాట. దీనికి చెల్లెలు అత్తెసరు. గంజి వార్చే పని లేకుండా, కొలిచి పోసిన నీళ్ళు బియ్యంలోనే ఇగిరిపోయేలా వండటం అత్తెసరు. చాలీచాలని నీళ్ళు, సరిగ్గా గట్టెక్కడం. ఆ పోలికతోనే అత్తెసరు మార్కులు, అత్తెసరు మెజారిటీ వచ్చాయి. ఇప్పుడు ప్రెషర్ కుక్కర్లో అందరం వండేది అత్తెసరే. కానీ ముప్పై అయిదు మార్కులొచ్చిన పిల్లాడిని ఆ మాట అంటే వాడికి కుక్కర్ గుర్తుకు రాదు.

"నీ పప్పులు ఇక్కడ ఉడకవు" అన్నదానికి మన డెల్టాలో మంచి ఆధారముంది. ఉప్పగా, గరుకుగా ఉండే నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు మంట పెట్టినా మెత్తబడదు. సముద్రం వైపు ఊళ్ళలో బావినీళ్ళు స్నానానికి, కాలవనీళ్ళు పప్పుకి అని వేరు చేసుకునేవారు. అన్ని నీళ్ళలోనూ అందరి పప్పూ ఉడకదని అలా తెలిసింది. హిందీలోనూ సరిగ్గా ఇదే జాతీయం ఉంది, దాల్ నహీ గలేగీ అంటారు వాళ్ళు. పప్పు తినేవాళ్ళందరికీ ఇది అనుభవమే మరి.

ఇక నూకలు. "భూమ్మీద నూకలు చెల్లాయి" అంటే మనిషి పోయాడని. పెద్ద ప్రమాదం తప్పితే "ఇంకా నూకలున్నాయి" అంటాం. గింజలు అనలేదు, బియ్యం అనలేదు, నూకలే ఎందుకన్నారు? మరలు రాకముందు ధాన్యం రోట్లో దంచేవారు. దంచితే మంచి బియ్యం ఒకవైపు, విరిగిన నూకలు ఒకవైపు, తవుడు ఒకవైపు, ఊక ఒకవైపు. మంచి బియ్యం ఆసామి ఇంట్లోకి వెళ్ళేది. "దంచినమ్మకు బొక్కిందే కూలి" అనే సామెత ఆ రోటి దగ్గర పుట్టిందే. దంచేటప్పుడు నోట్లో వేసుకున్న గుప్పెడే ఆమెకు దక్కింది. ఆయుష్షును నూకలతో కొలిచినవాళ్ళు ఎవరై ఉంటారు? నూకల జావతో రోజులు వెళ్ళదీసిన వాళ్ళే అయి ఉంటారని మేము అనుకుంటాం. గాదె నిండా బియ్యం ఉన్నవాడు తన బతుకును విరిగిన గింజతో పోల్చుకోడు.

అటువంటిదే పరిగె. కోత అయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకోవడం పరిగె ఏరడం. డెల్టాలో మన యానాదులు, ఎరుకలు, ఇతర పేద కులాల ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని చేసిన పని అది. యానాదులు ఎలుక కన్నాలు తవ్వి, ఎలుకలు దాచుకున్న ధాన్యం కూడా తీసేవారు. దాన్ని చూసి నవ్వేవాళ్ళు ఒక లెక్క మరిచిపోతారు. ఆ ఎలుకల్ని పట్టకపోతే రైతుకు గాదె నిండదు. అటు పెద్ద రైతు ధాన్యాన్ని నేలలో గొయ్యి తీసి దాచేవాడు, దాని పేరు పాతర. ఇవాళ ఆ పాతరలు దాదాపు లేవు. మాట మాత్రం "పాతరేస్తాను" అనే బెదిరింపులో మిగిలింది. కడుపు నింపాల్సిన గొయ్యి శవాన్ని పూడ్చే గొయ్యిగా మారిపోయింది.

మీరు ఇప్పుడు చూస్తున్న పచ్చటి కోనసీమ ఎప్పుడూ ఇలాగే ఉందనుకోకండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలు వచ్చాకే ఇక్కడ వరి అందరి కళ్ళకూ ఆనింది. అంతకుముందు వానా, వరదా ఏది చెబితే అది. ఆనకట్టకు ముందు, 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన కరువును నందన కరువు అన్నారు, ఎముకలు బయటపడ్డ కరువు కాబట్టి డొక్కల కరువు అనీ అన్నారు. కరువుకు శరీరభాగం పేరు పెట్టాల్సి వచ్చిందంటే చూసినవాళ్ళ కళ్ళు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి.

కరువులో మనిషిని నిలబెట్టింది గంజి. అన్నం వార్చిన నీళ్ళు. 1952లో రాయలసీమ కరువులో ప్రభుత్వమే గంజి కేంద్రాలు తెరిచింది. ఉతికి అదే గంజిలో ముంచిన చొక్కా ఫెళఫెళలాడుతూ నిలబడితే దర్జా! ఒకే కుండలో వార్చిన నీళ్ళు ఒకరి పొట్టలోకి, ఇంకొకరి కాలరులోకి వెళ్ళాయి. "గంజికి లేనివాడు" అని వెక్కిరించేదీ, "గంజి పెట్టిన చొక్కా" అని పొగిడేదీ ఒకటే నోరు. ఈ మాటకు ప్రయాణం కూడా పెద్దదే. తమిళంలో కంజి, అక్కడి నుంచి పోర్చుగీసు వాళ్ళ నోట పడి, ఇంగ్లీషులో కాంజీ అయి, ఇవాళ పెద్ద హోటళ్ళ మెనూలో ఖరీదు రాసి ఉంటోంది. మన గంజే అది.

బత్తెం గురించి రెండు మాటలు. సంస్కృతంలో భక్తం అంటే అన్నం. అది భత్తం, బత్తెం అయింది. జీతం బత్తెం అంటే ఏడాది కూలీ, రోజువారీ తిండీ. ఇప్పుడు లారీ డ్రైవర్లు అడిగే బత్తా, ఆఫీసుల్లో ఇచ్చే బత్తా ఇదే. ఈసారి ఎవరైనా బత్తా ఎగ్గొడితే అన్నం ఎగ్గొట్టారని చెప్పండి, తప్పేం లేదు.

ఇప్పుడు అసలు మాట దగ్గరకు వస్తాం. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా ఇదే. కూడు.

రెండేళ్ళ కిందట కొండమీద నుంచి కొత్తగా చేరిన ఒక పిల్ల, వరుసలో నిలబడి "అమ్మా, ఇంకొంచెం కూడు పెట్టండి" అంది. వెనకున్న నలుగురు పిల్లలు పగలబడి నవ్వారు. నవ్వినవాళ్ళు పైవాళ్ళు కారు, మన పిల్లలే. మైదానంలో నాలుగేళ్ళు చదివి, అన్నం అనడం నేర్చుకున్న పిల్లలు. ఆ పిల్ల ఆ రోజు రెండోసారి పళ్ళెం పట్టుకుని రాలేదు. వారం రోజులు ఏమీ అడగలేదు, పెట్టింది తిని లేచిపోయేది.

ఆ పిల్ల కొండరెడ్డి. కొండరెడ్ల ఇంటిభాష తెలుగే. ఆమె అన్న మాట తెలుగులో అచ్చమైన పాత మాట. తమిళంలో కూళ్, కన్నడంలో కూళు, మనకు కూడు. మూడు భాషలూ ఒక ఇంట్లో ఉన్ననాటి నుంచి వస్తున్న మాట. అన్నం అనేది సంస్కృతం నుంచి వచ్చి చేరింది. పురాణాలూ పూజలూ చదువులూ దాన్ని మోసుకొచ్చాయి. రెండు మాటలు ఒకే వస్తువుకు ఉన్నప్పుడు, ఎవరి నోట్లో ఏది ఉందో దాన్నిబట్టి వాటికి కులం వచ్చేస్తుంది. అన్నం పెద్దింటి మాట అయింది. కూడు కూలివాళ్ళకీ కొండవాళ్ళకీ మిగిలింది. తరవాత దాన్ని ఇంకా కిందికి నెట్టారు. చద్దికూడు, దొంగకూడు, చివరికి పిండాకూడు. ఒకప్పుడు అందరూ తిన్నదాని పేరు చచ్చినవాళ్ళకు పెట్టేదానికీ తిట్టుకూ మిగిలిపోయింది. చంటిపిల్లల నోట్లో మాత్రం బువ్వ అని మూడో మాట ఉంది, దానికి ఏ కులమూ అంటలేదు.

అయితే ఒక సంగతి గమనించండి. కోపం వచ్చినప్పుడు, అన్యాయం జరిగినప్పుడు పెద్దింటివాళ్ళకు కూడా కూడే గుర్తొస్తుంది. "నోటికాడ కూడు లాగేశారు" అంటారు, అన్నం అనరు. "కూటి కోసం కోటి విద్యలు" అంటారు. ఎన్టీఆర్ పార్టీ పెట్టి ఊరూరా తిరిగినప్పుడు "కూడు, గూడు, గుడ్డ" అన్నారు. అన్నం, ఇల్లు, వస్త్రం అని ఉంటే ఆ మాటకు అంత బలం ఉండేది కాదు. ఆకలి గురించి నిజం చెప్పాలంటే ఆ మాటే కావలసి వచ్చింది. ఇదంతా ఒక రాత్రి భోజనాలయ్యాక పిల్లలందర్నీ కూర్చోబెట్టి చెప్పాం. నవ్విన పిల్లల్లో ఒకడు "అయితే పరీక్షలో కూడు అని రాస్తే మార్కులు వేస్తారా మేడమ్?" అని అడిగాడు. వేయరురా అని చెప్పాం. అబద్ధం చెప్పలేం కదా.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కొండల్లో దాని ప్రభావం భాష మీద కూడా పడింది. అప్పటిదాకా పోడులో పండిన చోళ్ళు, సామలు, కొర్రలు, జొన్నలు ప్రధానం. వానాకాలం మొదట్లో అవి అయిపోతే మామిడి టెంకల లోపలి పప్పు ఎండబెట్టి, కడిగి, చేదు పోగొట్టి పిండి చేసుకునేవారు. జీలుగు చెట్టు మొవ్వు నుంచి కూడా పిండి తీసేవారు. 1945లో అచ్చయిన "ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్" అనే పుస్తకంలో హైమెన్‌డార్ఫ్ పాపికొండల రెడ్ల బతుకును రాశాడు. ఈ తిళ్ళన్నీ అందులో ఉన్నాయి. మన ముసలివాళ్ళను అడిగితే ఇంకా బాగా చెబుతారు. ఏ టెంకకు ఎన్ని నీళ్ళు మార్చాలో ఆ పుస్తకంకన్నా వాళ్ళకే తెలుసు.

రేషను బియ్యం రావడం మంచిదే. వానాకాలపు ఆకలి తగ్గింది. కానీ బియ్యంతో పాటు ఒక చూపు కూడా వచ్చింది. బియ్యం తినేవాడు మనిషి, అంబలి తాగేవాడు వెనకబడ్డవాడు. "అంబలి తాగేవాడికి మీసాలు ఎత్తేవాడొకడు" అన్న సామెత చూడండి, అంబలి తాగేవాడికి గొప్పలు పోయే హక్కు లేదని దాని తీర్మానం. మా తరం బడిలో చదివేటప్పుడు ఏజెన్సీ పిల్లలకు "జావ" అని పేరు పెట్టి పిలిచిన టీచర్లు ఉన్నారు. పేర్లు అక్కర్లేదు. మళ్ళీ ఇదే రాష్ట్రంలో 2023 మార్చిలో బడి పిల్లలకు రాగి జావ ఇవ్వడం మొదలైంది. అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. టీవీలో డాక్టర్లు అంబలి తాగమన్నారు. మనం చోళ్ళు అనేదాన్ని తెలంగాణలో తైదలు అంటారు, సీమలో రాగులు అంటారు. సర్కారు కాగితంలో రాగులే ఎక్కాయి. మా వంటమనిషి మాత్రం ఇప్పటికీ "చోడిజావ అయిపోయిందండి" అనే అంటుంది, మేము రిజిస్టరులో రాగి జావ అని రాసుకుంటాం. ఇంతలో మధ్యాహ్న భోజన పథకానికి 2024లో మన కోనసీమ తల్లి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వచ్చినవాళ్ళు ఎవరని అడగకుండా పెట్టినావిడ కాబట్టి ఆ పేరు మాకు నచ్చింది.

"ఉప్పూ కారం తినడం లేదా?" అని రెచ్చగొడతారు. పౌరుషం లేదా అని అర్థం. ఈ మాట కొండవాళ్ళ ముందు వాడేటప్పుడు కాస్త ఆలోచించాలి. అడవిలో అన్నీ దొరికేవి, ఉప్పు తప్ప. చింతపండో, తేనో, కుంకుళ్ళో మోసుకుని సంతకు దిగి, షావుకారు చెప్పిన లెక్కకు ఇచ్చి ఉప్పు తెచ్చుకునేవారు. తూకం ఆయనది, లెక్కా ఆయనదే. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టి, డీఆర్ డిపోలు తెరిచింది ఆ తూకం మార్చడానికే. ఇక కారం సంగతి. మిరపకాయ ఈ దేశపుది కాదు, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చింది. అప్పటికే మనకున్న మిరియాన్ని చూసి దానికి మిరప అని పేరు పెట్టుకున్నాం. అంతకుముందు మిరపకాయ ముఖం చూడని మన తాతముత్తాతలకు పౌరుషం తక్కువేమీ కాలేదు.

ఆ పౌరుషానికి ఒక తిండి మాటే సాక్ష్యం. చిగురు పన్ను. కల్లు గురించి మైదానంలో మాట్లాడితే తాగుడు అనుకుంటారు. రంప కొండల్లో ఎండాకాలం గింజలు అయిపోయినప్పుడు జీలుగు కల్లు, తాటి కల్లు ఆహారం. పిల్లలూ పెద్దలూ దానిమీదే రోజులు గడిపేవారు. ఆ చెట్టు మీద మునసబుదారు చిగురు పన్ను వేశాడు. చిగురు అన్న మాటలో ఎంత లేతదనం ఉందో, దాని పక్కన పన్ను అన్న మాట ఎంత మోటుగా ఉందో చూడండి. దానికి తోడు మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ చట్టం తెచ్చి, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడమే కుదరదంది, కాంట్రాక్టర్లకు అప్పగించింది. 1879 మార్చిలో రంప పితూరీ లేచింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటి వాళ్ళు నడిపారు, అడ్డతీగల పోలీసు స్టేషను తగలబడింది. మరుసటేడు దాకా అణచలేకపోయారు. కారణాల్లో భూమీ అప్పులూ పోలీసుల దౌర్జన్యమూ కూడా ఉన్నాయి. కానీ మొదట తగిలిన దెబ్బ నోటికాడి కూటికే. అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు. దానికి నలభై ఏళ్ళ ముందే ఇది జరిగిందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో చేతులెత్తమంటే వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

మీ తరం మాటలకూ కొంచెం చోటివ్వాలి. అబ్బాయి అమ్మాయితో తీయగా, సాగదీసి మాట్లాడుతుంటే పులిహోర కలుపుతున్నాడంటారు. పెద్ద పళ్ళెంలో అన్నం ఆరబోసి, చింతపండు పులుసు పట్టేదాకా మెతుకు చితక్కుండా ఓపిగ్గా కలపాలి కదా, ఆ ఓపికే పోలిక. పులిహోరలో పులికి అడవి పులితో సంబంధం లేదు. పులుపు, పులుసు ఉన్న కుటుంబమే అది. హోర అన్నది ఓగిరం, అంటే పాత తెలుగులో భోజనం. చలాకీలేని కుర్రాడు ముద్దపప్పు, ఎందుకంటే ముద్దపప్పుకు తాలింపు ఉండదు. ఉప్మాలో ఉన్నది ఉప్పూ మావూ, మావు అంటే పిండి. మా పిల్లలు దాని మీద కట్టిన జోకులు ఇక్కడ రాయలేం.

కూరలో కరివేపాకు అన్నది మాత్రం మాకు నవ్వు తెప్పించదు. వాసన కోసం వేస్తారు, తినేటప్పుడు పక్కన పెడతారు. ఉత్సవం వచ్చినప్పుడు కొమ్ముకోయ నాట్యం కావాలి, నెమలీకలు కావాలి, డోలు కావాలి. ఫోటోలు అయ్యాక భోజనాల దగ్గర మనవాళ్ళు చివరి పంక్తిలో కూర్చుంటారు. ఒకసారి అది కూడా లేకుండా పొట్లాలు చేతికిచ్చి వ్యాను ఎక్కించారు. ఆ రోజు వ్యానులో ఒక పెద్దాయన "మనం కరివేపాకమ్మా" అన్నాడు. మరి తినేవాళ్ళకు తెలుసో లేదో, ఆ ఆకు లేకపోతే పులిహోర కూడా పులిహోర కాదు.

మా వసతిగృహంలో ఇప్పుడొక రెండువందల పేజీల నోటుబుక్కు ఉంది. సెలవులకు ఇళ్ళకు వెళ్ళిన పిల్లలు అవ్వలనూ తాతలనూ అడిగి తిండి మాటలు రాసుకొస్తున్నారు. ఒక్కో మాటకు ఎవరి ఊరిది, ఎప్పుడు తింటారు, ఎలా వండుతారు, దాంతో ఏమని తిడతారు అని నాలుగు గడులు. కోయ పిల్లలు నీళ్ళకు ఏర్ అని రాశారు. తెలుగులో ఏరంటే పారే వాగు కదా అని మిగతావాళ్ళు దాని మీద అరగంట వాదించుకున్నారు. ఎరుకల పిల్లలు తమ మాటలు కొన్ని చెప్పారు, ఇంకొన్ని ఇంట్లో అడిగి చెబుతామన్నారు. కూడు అన్న మాట దగ్గర, మొదట నవ్వులపాలైన ఆ పిల్లే తన చేత్తో రాసింది. ఎప్పుడు తింటారు అన్న గడిలో "ఆకలేసినప్పుడు" అని ఉంది. తిట్టు గడి ఖాళీగా వదిలేసింది.